నీరెండలో కొంగలు, ఉల్లంకి పిట్టలు: తెలుపు ఎగిరిపోకుండా, వెనకంతా బురద కాకుండా తీయడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 600 మి.మీ. జూమ్ లెన్స్ ఉంది, ఆ చివర ఎఫ్/6.3 వరకే తెరుచుకుంటుంది. పొద్దుగూకడానికి ముందు గంటసేపు మడుగు ఒడ్డున నిలబడి తీస్తున్నారు. తెల్లకొంగ ఒంటిమీద ఒక్క ఈక కనపడకుండా కాగితం ముక్కలా వస్తోంది (తెలుపు ఎగిరిపోవడమంటే ఇదే). నీటి ఒడ్డున మేసే చిన్న ఉల్లంకి పిట్టలు వెనక బురదలో కలిసిపోతున్నాయి. సగం ఫొటోలు సాఫ్ట్‌గా, అంటే పదును లేకుండా ఉంటున్నాయి. కంటికి బంగారంలా కనిపించిన వెలుగు ఫొటోలో బూడిదరంగుగా వస్తోంది. ఏ సెట్టింగ్స్ పెట్టాలి అని మీ ప్రశ్న.

సూటిగా జవాబు: సెట్టింగ్స్ సంగతి రెండోది. ముందు మీ చోటు, మీ ఎత్తు మార్చండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, లెన్స్ నీటికి జానెడు, జానెడున్నర ఎత్తులోకి దిగాలి, పిట్టలు తిరిగే చోటికి మీరు ముందే వెళ్లి పడుకుని ఉండాలి. ఇవి కుదిరాక మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/6.3 (లెన్స్ తెరుచుకునే వెడల్పు), 1/1600 (షట్టర్ తెరిచి ఉండే సెకను భాగం), ఐఎస్ఓ 400 (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలన్న అంకె) పెట్టి తెల్లకొంగతో మొదలుపెట్టండి. సూర్యుడు దిగంతానికి చాచిన చేతి పిడికిలంత ఎత్తులో ఉన్నప్పటి లెక్క ఇది. గోధుమరంగు పిట్టకైతే ఐఎస్ఓ 800. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, డేలైట్‌లో పెట్టండి. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే పచ్చి ఫైలు) తప్పనిసరి. మీరు చెప్పిన నాలుగు సమస్యల్లో మూడు దీంతోనే చాలావరకు తీరిపోతాయి. సాఫ్ట్‌గా రావడానికి మాత్రం కారణాలు వేరే ఉన్నాయి, కింద చెబుతాను.

ముందు ఎత్తు గురించి

వెనకంతా బురదే వస్తోందన్నారు. అది లెన్స్ లోపం కాదు, నిలబడి తీయడం వల్ల వచ్చేది. లెక్క చూడండి. మీరు నిలబడితే కెమెరా 160 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. పిట్ట ఎత్తు 20 సెం.మీ., అది 15 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. మీ కెమెరా నుంచి పిట్ట తల మీదుగా గీత గీస్తే, ఆ గీత పిట్ట వెనక రెండు మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది. అంటే పిట్ట తల వెనక మీకు కనిపించేది రెండు మీటర్ల దూరంలో ఉన్న బురద. ఆ దూరంలో బురద సరిగ్గా కరగదు. గులకరాళ్లు, గవ్వలు, అడుగుల గుంటలు అన్నీ సగం సగం కనిపిస్తూ కంటికి అడ్డం పడతాయి.

అదే లెన్స్‌ను 30 సెం.మీ. ఎత్తుకు దించండి. అదే గీత ఇప్పుడు పిట్ట వెనక 30 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. పిట్ట అక్కడే ఉంది, లెన్స్ అదే, ఎఫ్ నంబరు అదే. కానీ తల వెనకున్నదంతా మెత్తని రంగుగా కరిగిపోతుంది. ఎఫ్/4 లెన్స్ కొంటే బ్యాక్‌గ్రౌండ్ బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. నీటి పిట్టల విషయంలో పడుకోవడం వల్ల వచ్చే లాభం ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు కావడం) లాభం కంటే చాలా ఎక్కువ.

మరీ కిందికి దిగినా ఇబ్బందే. లెన్స్ నేలకు ఐదారు సెం.మీ. ఎత్తులో ఉంటే, మధ్యలో ఉన్న చిన్న బురద గట్టు కూడా పిట్ట కాళ్లను మింగేస్తుంది. నీటి అంచు గీత, పాదాలు, వాటి కింద నీడ కనిపించాలంటే 20 నుంచి 30 సెం.మీ. సరైన ఎత్తు. నిలువెత్తు కొంగలకైతే కూర్చుని తీసినా సరిపోతుంది, వాటి కన్ను మీటరు ఎత్తులో ఉంటుంది కదా.

పడుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మందపాటి ప్లాస్టిక్ పట్టా, మోచేతులకు స్పాంజి ముక్కలు, లెన్స్ కింద గింజలు నింపిన గుడ్డసంచి చాలు. మెత్తని బురదలో సంచి కూరుకుపోతుంది. అక్కడ మాత్రం అడుగున వెడల్పాటి పళ్లెం ఉన్న గ్రౌండ్ పాడ్ పనికొస్తుంది, దాన్ని ముందుకు తోసుకుంటూ జరగొచ్చు. తిరిగే స్క్రీన్ ఉంటే మెడకు హాయి, కానీ 600 మి.మీ. దగ్గర ఎగిరే పిట్టను స్క్రీన్ మీద వెతికి పట్టుకోవడం కష్టం. దానికి కన్ను పెట్టి చూసే వ్యూఫైండరే మేలు.

ఎక్కడ పడుకోవాలి: నీడ, గాలి

మీ నీడ పిట్ట వైపు చూపించాలి. ఇదే మొదటి సూత్రం. నీడకు పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ పర్లేదు, ముప్పై దాటితే పిట్ట ఒంటి మీద ఒక పక్క నీడ కనిపించడం మొదలవుతుంది. ఎండ పల్చబడ్డ చివరి పదిహేను నిమిషాల్లో ఈ కట్టుబాటు కొంచెం సడలించుకోవచ్చు, నీడలు అప్పుడు అంత ముదురుగా ఉండవు.

సాయంత్రం కాబట్టి నీళ్లకు పడమటి ఒడ్డున ఉండి తూర్పుకు చూస్తూ తీయాలి. చాలామంది వచ్చే దారి ఎటుంటే అటే దిగిపోతారు, తర్వాత ఎండకు ఎదురుగా అవస్థ పడతారు. మడుగు చుట్టూ నడిచి రావడానికి అరగంట పట్టినా సరే, నడవండి.

గాలి సంగతి ఎండంత ముఖ్యం, కానీ దాన్ని తక్కువమంది పట్టించుకుంటారు. పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి, ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. వెనక నుంచి గాలి కొడితే ఈకలు రేగుతాయి కాబట్టి అవి అలా నిలబడవు. గాలి పడమటి నుంచి, అంటే మీ వెనక నుంచి వీస్తుంటే పిట్టలన్నీ మీ వైపు మొహం పెడతాయి, వాలేటప్పుడు రెక్కలు విప్పి మీకు ఎదురుగా వస్తాయి. తూర్పుగాలి రోజున అదే చోట మీకు తోకలే దక్కుతాయి. అలాంటి రోజు ఎగిరే ఫొటోల ఆశ వదిలేసి నీటి ప్రతిబింబాల మీదో, ఎదురెండ ఫొటోల మీదో పని చేయండి. అడ్డంగా, అంటే ఉత్తరం నుంచో దక్షిణం నుంచో గాలి వీస్తే పక్కవాటు ఫొటోలు బాగా వస్తాయి.

సముద్రపు ఒడ్డున, ఏటి మొగలో అయితే ఆటుపోటులు చూసుకోకుండా బయల్దేరకండి. బాగా ఆటులో ఉన్నప్పుడు బురద మేట కిలోమీటరు దాకా తేలుతుంది, పిట్టలు ఎక్కడో చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతుంటే నీళ్లు వాటిని ఒడ్డుకు తోసుకొస్తాయి. పూర్తి పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత గంటన్నర తీయడానికి మంచి సమయం. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పొద్దుగూకే వేళకు పోటు కలిసొచ్చే రోజులు నెలలో కొన్నే ఉంటాయి. పట్టిక చూసి ఆ రోజులకు ముందే గుర్తు పెట్టుకోండి. ఇంకో మాట, పోటు మీ వెనక నుంచి కూడా చుట్టుకు రావచ్చు. కళ్లు వ్యూఫైండర్‌లో ఉంటే తెలియదు. పడుకునే ముందే తిరుగు దారి చూసుకోండి, మోకాలు దిగే బురదలోకి ఒంటరిగా వెళ్లొద్దు.

ఎండ ఎంతసేపుంటుంది

చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. సూర్యుడికీ దిగంతానికీ మధ్య ఒక పిడికిలి పట్టే ఎత్తు మిగిలినప్పుడు నీరెండ మొదలైనట్టు. సూర్యుడు నిటారుగా దిగే ప్రాంతాల్లో అప్పటినుంచి నలభై నిమిషాలే చేతిలో ఉంటాయి, ఏటవాలుగా దిగే చోట్ల గంట దాకా ఉంటుంది. మబ్బు, పొగమంచు, చెట్ల వరుస ఉంటే ఇందులో సగం పోతుంది. కాబట్టి పిడికిలి ఎత్తుకు వచ్చాక బయల్దేరడం కాదు, అప్పటికి మీరు పడుకుని అరగంట అయి ఉండాలి. పిట్టలు మిమ్మల్ని మరిచిపోవడానికి ఆ అరగంట కావాలి.

తెలుపు ఎగిరిపోవడం ఎందుకు, ఆపడం ఎలా

కెమెరా మీటరు ఫ్రేము మొత్తాన్ని చూసి సగటు వెలుగు లెక్కేస్తుంది. ముదురు బురద, నల్లటి నీళ్ల మధ్య చిన్న తెల్లకొంగ ఉంటే, ఫ్రేములో ఎక్కువ భాగం చీకటే కాబట్టి మీటరు వెలుగు పెంచేస్తుంది. బురద చక్కగా కనిపిస్తుంది, కొంగ తెలుపు ఎగిరిపోతుంది. అదే కొంగ ఫ్రేము నిండా ఉంటే మీటరు భయపడి వెలుగు తగ్గిస్తుంది, కొంగ బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకే పిట్ట, ఒకే ఎండ, రెండు తప్పులు. అందుకే మీటరు లెక్కను పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో కుస్తీ పట్టడం కంటే పూర్తి మాన్యువల్ నయమని నా అభిప్రాయం. పిట్ట మీద పడే ఎండ మారనంతకాలం దాని వెనక నల్లనీళ్లు వచ్చినా, మెరిసే నీళ్లు వచ్చినా ఎక్స్‌పోజర్ మారకూడదు. ఆటో ఐఎస్ఓ పెట్టుకుంటే అది వెనక రంగు మారినప్పుడల్లా మారుతూనే ఉంటుంది.

పద్ధతి ఇదీ. ఎండలో నిలబడ్డ తెల్లని పిట్టను వెతకండి. పైన చెప్పిన 1/1600, ఎఫ్/6.3, ఐఎస్ఓ 400 పెట్టి ఒకటి తీయండి. హైలైట్ హెచ్చరిక (తెలుపు ఎగిరిన చోటును తెర మీద మిణుకుమనిపించేది) ఆన్ చేసుకుని, ఛాతీ, భుజం దగ్గర మిణుకుమిణుకు వస్తుందో చూడండి. రాకపోతే మూడింట ఒక స్టాప్ చొప్పున పెంచుకుంటూ పోండి, మిణుకు మొదలవగానే ఒక మెట్టు వెనక్కి రండి. అదే ఆ నిమిషానికి సరైన ఎక్స్‌పోజర్. వెంటనే పక్కనున్న గోధుమరంగు పిట్టకు తిరిగితే సుమారు ఒక స్టాప్ పెంచండి. నిగనిగలాడే నల్ల పిట్ట అయితే ఒకటిన్నర దాకా.

ఎర్ర ఛానెల్‌ను విడిగా చూడండి. నీరెండలో ఎరుపు పాలు ఎక్కువ. మామూలు తెల్లని హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతెంత ఉందో చూపే పటం) బాగానే ఉందని చూపిస్తుంటే లోపల ఎర్ర ఛానెల్ అప్పటికే అంచు దాటి ఉంటుంది. ఫలితంగా కొంగ ఛాతీ మీద ఎండ పడ్డ చోట ఈకల గీతలు పోయి నారింజరంగు పూత పూసినట్టు అవుతుంది. ఫ్లెమింగోల దగ్గర, ఎర్రటి కాళ్లున్న పిట్టల దగ్గర ఇది మరీ ఎక్కువ. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు కుడి గోడకు అంటకుండా చూసుకోండి.

చివరి ఇరవై నిమిషాల్లో వెలుగు వేగంగా పడిపోతుంది. రెండు మూడు నిమిషాలకోసారి ఒక టెస్ట్ ఫ్రేము తీయాలి. చేతి డయల్ ఒకదానికి ఐఎస్ఓ కేటాయించుకుంటే కన్ను తీయకుండానే పెంచుకోవచ్చు. సూర్యుడు రెండు వేళ్ల ఎత్తుకు వచ్చేసరికి తెల్లకొంగకు కూడా ఐఎస్ఓ 1000, 1600 పడుతుంది. వెనకాడకండి. తక్కువ ఐఎస్ఓతో చీకటిగా తీసి తర్వాత లేపడం కంటే సరైన ఎక్స్‌పోజర్‌తో ఐఎస్ఓ 3200లో తీసిన ఫైలు తేటగా ఉంటుంది.

బూడిదరంగు సమస్యకు వస్తే, అది ఆటో వైట్ బ్యాలెన్స్ పని. బంగారు ఎండను లోపంగా ఎంచి దాన్ని సరిచేసి పెడుతుంది, అంటే మీరు దేనికోసం వెళ్లారో దాన్నే తుడిచేస్తుంది. డేలైట్, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర కట్టేయండి. రా ఫైల్లో తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ తీసేటప్పుడు తెర మీద కనిపించేది అబద్ధమైతే మీ నిర్ణయాలూ అటే పోతాయి.

షట్టర్ స్పీడ్

కదలకుండా నిలబడ్డ కొంగకు, లెన్స్ సంచి మీద ఉంటే 1/320 చాలు. చిన్న పిట్టలు మేత మేసేటప్పుడు ముక్కు కుట్టుమిషను సూదిలా ఆడుతుంది, వాటికి 1/1250 కంటే తగ్గొద్దు. కొంగ ఎగురుతుంటే 1/2000, ఉల్లంకి గుంపు ఎగురుతుంటే 1/3200. స్నానం చేసే పిట్ట విదిలించే నీటిచుక్కలు గాజుపూసల్లా రావాలంటే 1/2500. వెలుగు తగ్గే కొద్దీ మీ పని మార్చుకోండి. ముందు ఎగిరేవి, తర్వాత మేసేవి, చివర నిలబడ్డవి. 1/2000 పట్టుకుని వేలాడుతూ ఐఎస్ఓ 12800 దాకా పోవడం కంటే ఈ వరస మంచిది. సైలెంట్ షట్టర్ బెదురు పిట్టలకు మేలు, కానీ సెన్సర్ నెమ్మదిగా చదివే కెమెరాల్లో ఎగిరే రెక్కలు వంకర తిరిగినట్టు వస్తాయి. ఎగిరేటప్పుడు మెకానికల్ షట్టర్‌కు మార్చండి.

సాఫ్ట్‌గా రావడానికి అసలు కారణాలు

మొదటిది వేడిగాలి. పగలంతా కాగిన బురద, ఇసుక మీద గాలి పొరలు పొరలుగా లేస్తుంటే వాటి గుండా వచ్చే వెలుగు వంగుతుంది. కెమెరా నేలకు దగ్గరగా ఉంటే ఆ పొరల్లోంచే చూస్తుంటారు కాబట్టి ఇంకా ఎక్కువ. గుర్తుపట్టడం సులువు: వరసగా తీసిన పది ఫ్రేముల్లో ఒకటి పదునుగా, మిగతావి ఒక్కోటి ఒక్కో రకంగా చెదిరి ఉంటే అది వేడిగాలే. ఫోకస్ తప్పయితే పదునైన గడ్డో రాయో ముందో వెనకో ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. వేడిగాలిలో ఎక్కడా పదును ఉండదు. దీనికి సెట్టింగ్ మందు లేదు. దూరం తగ్గించండి, పొడి ఇసుక మీదుగా కాకుండా నీటి మీదుగా తీయండి, సూర్యుడు ఇంకా దిగేదాకా ఆగండి. చల్లని కారులోంచి అప్పుడే తీసిన లెన్స్‌కు కూడా హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) లోపల ఇదే గొడవ ఉంటుంది, పావుగంట బయట ఉంచాలి.

రెండోది ఫోకస్ లోతు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 600 మి.మీ., ఎఫ్/6.3 దగ్గర 15 మీటర్ల దూరానికి పదునుగా ఉండే మందం సుమారు 23 సెం.మీ. 10 మీటర్లకు వచ్చేసరికి 10 సెం.మీ. మాత్రమే. కొంగ మీ వైపు ముక్కు చాచి నిలబడితే ముక్కు కొస, కన్ను, భుజం మూడూ ఆ మందంలో పట్టవు. పక్కవాటుగా నిలబడి తల మాత్రం ఐదు పది డిగ్రీలు మీ వైపు తిప్పిన క్షణం కోసం ఆగండి. అప్పుడు కంట్లో ఎండ చుక్క కూడా మెరుస్తుంది. ఎఫ్/8కి మూయాల్సింది రెండు పిట్టలు ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు మాత్రమే.

మూడోది ఆటోఫోకస్ పొరపాటు. కన్ను గుర్తించే ఫోకస్ ఉన్న కెమెరాలు నిశ్చలమైన నీటిలో ప్రతిబింబంలోని కన్నును పట్టుకుంటాయి. మెరిసే అలల అంచులూ, ముందున్న గడ్డిపోచలూ లాగేస్తాయి. గుర్తింపు ఆన్‌లోనే ఉంచి, వెతికే ప్రాంతాన్ని చిన్న చతురస్రానికి కుదించి ఫ్రేము పైసగంలో పెట్టండి. ప్రతిబింబం దాని బయటే ఉంటుంది. గుర్తింపు లేని పాత కెమెరా అయితే ఒకే పాయింట్‌ను మెడ మొదట్లో పెట్టండి. మేసే పిట్ట తల వెంట పరిగెత్తితే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు.

ప్రతిబింబం, ఫ్రేము

600 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ మీద ఒక లెక్క గుర్తుంచుకోండి: ప్రతి 10 మీటర్ల దూరానికి ఫ్రేము 60 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు. 20 సెం.మీ. పిట్టకు దాని ప్రతిబింబంతో కలిపి 40 సెం.మీ. కావాలి, చుట్టూ ఖాళీ కూడా ఉండాలి కాబట్టి 15 మీటర్లు హాయి. మీటరు ఎత్తు కొంగకు ప్రతిబింబంతో సహా రెండు మీటర్లు. అడ్డం ఫ్రేములో పట్టాలంటే 60 మీటర్ల మాట, నిలువు ఫ్రేములో 40. దగ్గరగా ఉంది కదా అని ప్రతిబింబాన్ని మెడ దగ్గర నరికేయకండి. పట్టకపోతే పూర్తిగా వదిలేసి తల, మెడ మాత్రం తీసుకోండి.

పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తీసేయండి. ఒకటిన్నర స్టాప్ వెలుగు తినడమే కాక నీటి మీది మెరుపును, దానితోపాటు ప్రతిబింబాన్నీ చెరిపేస్తుంది. గాలి సాధారణంగా పొద్దువాలే కొద్దీ తగ్గుతుంది, అద్దంలాంటి నీళ్లు చివర్లోనే దొరుకుతాయి. పిట్ట నడుస్తుంటే దాని అలలే ప్రతిబింబాన్ని చెదరగొడతాయి. నడక ఆగాక నాలుగైదు సెకన్లు ఓపిక పడితే మళ్లీ అతుక్కుంటుంది. అవతలి ఒడ్డు గీత పిట్ట మెడను అడ్డంగా కోయకుండా చూడండి, లెన్స్‌ను నాలుగు వేళ్లు దించినా ఎత్తినా ఆ గీత జరిగిపోతుంది. నీటి ఫొటోలో ఒక డిగ్రీ వంపు కూడా కనిపెట్టేయొచ్చు, కెమెరాలో లెవెల్ గీత ఆన్‌లో ఉండాలి.

ఎప్పుడు నొక్కాలి

పిట్ట ఏం చేయబోతోందో అది ముందే చెబుతుంది. స్నానం చేసే పిట్ట తల ముంచి, పొట్ట ముంచి, రెక్కలతో నీళ్లు చిమ్ముతుంది. ముంచడం ఆపి ఒక్క క్షణం నిటారుగా నిలబడిందంటే మరుక్షణం ఎగిరి గంతేసి రెక్కలు దులుపుతుంది. ఆ నిటారు క్షణంలోనే బరస్ట్ (ఆగకుండా వరస ఫ్రేములు) మొదలుపెట్టాలి, రెక్కలు చూశాక నొక్కితే ఆలస్యం. ఈకలు దువ్వుకోవడం పూర్తయ్యాక ఒక రెక్కనూ అదే వైపు కాలునూ కిందికి చాస్తుంది, తర్వాత తరచు రెండు రెక్కలూ పైకెత్తుతుంది. ఈ రెండోది అద్భుతమైన ఫొటో, ఫ్రేములో పైన చోటు ముందే వదిలి ఉంచండి. ఎగరబోయే పెద్ద కొంగ గాలికి ఎదురు తిరిగి, మెడ సన్నగా చేసి, కొంచెం ముందుకు వంగి మోకాళ్లు మడుస్తుంది. చాలాసార్లు అంతకుముందే రెట్ట వేస్తుంది. అది చూడగానే షట్టర్ 1/2000కి, జూమ్ 400కి.

చేప పట్టిన కొంగ వెంటనే మింగదు, తల వైపు తిప్పుకుని పైకి విసిరి మింగుతుంది. ముక్కులో చేప కనిపించిన మొదటి ఫ్రేముతో ఆగకండి. నడిచే పిట్టకైతే ఒక కాలు నీటి పైకి లేచి, వేళ్లు ముడుచుకుని, కింద ఒక చుక్క రాలుతున్న ఫ్రేము మిగతా వాటికంటే బతికి ఉంటుంది. మూడు నుంచి ఐదు ఫ్రేముల చిన్న బరస్ట్‌లే తీయండి. పిట్ట కంటి మీద తెల్లని పొర మధ్యమధ్యలో కప్పుకుంటుంది, ఒక్క ఫ్రేమే తీస్తే అదే పడే ప్రమాదం ఉంది.

ఎదురెండ, సూర్యాస్తమయం తర్వాత

ఎండకు ఎదురుగా తీయాలంటే సూర్యుడు బాగా దిగి ఎర్రబడ్డాకే. ఆప్టికల్ వ్యూఫైండర్ ఉన్న కెమెరాలో పొడుగు లెన్స్‌తో సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, కంటికి ప్రమాదం. ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి, అంటే మీటరు కంటే ఒకటి నుంచి రెండు స్టాప్‌లు తగ్గించి తీస్తే నల్లని ఆకారం వస్తుంది. ఆకారంలో ముక్కు, మెడ, రెండు కాళ్లు విడివిడిగా కనిపించాలి, పక్కవాటు తప్ప వేరే భంగిమ పనికిరాదు. ముందు పెట్టుకున్న ఫిల్టర్ తీసేయండి, దానివల్ల సూర్యుడి నకలు చుక్కలు వస్తాయి.

సూర్యుడు మునగగానే సర్దుకుని వెళ్లిపోయేవాళ్లు ఇంకో వెలుగును పోగొట్టుకుంటారు. మబ్బు లేకపోతే తూర్పు దిగంతం మీద నీలిబూడిద పట్టీ, దానిపైన గులాబీ పట్టీ లేస్తాయి. ఆ కింది పట్టీ భూమి నీడే. మీరు తూర్పుకే చూస్తూ పడుకున్నారు కాబట్టి ఆ గులాబీ నీటిలో పిట్ట చుట్టూ పరుచుకుంటుంది. పది పదిహేను నిమిషాలే ఉంటుంది. 1/125, ఎఫ్/6.3, ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టండి, ఒంటికాలి మీద నిద్రకు సిద్ధమవుతున్న పిట్టను ఎంచుకోండి. వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లోనే ఉంచితే నీలి, గులాబీ రెండూ నిలుస్తాయి. పిట్టలు రాత్రి బస చేసే చోట చీకటి పడ్డాక ఫ్లాష్ కొట్టొద్దు, టార్చి వేయొద్దు.

దగ్గరికి చేరడం

మేసే పిట్ట తల ఎత్తి అలాగే నిలబడిందా, మీరు ఆగిపోవాల్సిందే. తల పైకీ కిందికీ ఊపడం, పొట్టిపొట్టిగా అరవడం, నడుస్తూ దూరం జరగడం దాని తర్వాతి మెట్లు. అక్కడ ఒక గజం వెనక్కి తగ్గితే చాలాసార్లు మళ్లీ మేతలో పడుతుంది. నేరుగా పిట్ట వైపు పాకొద్దు, పక్కకి పోతున్నట్టు ఏటవాలుగా జరగండి, దాని కళ్లలోకి తిన్నగా లెన్స్ ఊపొద్దు. వలస వచ్చే చిన్న పిట్టలు దూరప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటుంటాయి, పోటు సమయంలో దొరికే కాస్త విశ్రాంతిలో గుంపును లేపితే ఆ ఖర్చు వాటి ఒంటిమీదే పడుతుంది. తీతువులాంటి నేల మీద గుడ్లు పెట్టే పిట్ట మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే, లేదా రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నటిస్తుంటే, గూడు మీ కాళ్ల దగ్గరే ఉంది. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి, ఆ చోట ఆ రోజుకు ఫొటో లేదు.

ఉప్పునీటి దగ్గర పనైపోయాక మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్స్ బయటి భాగం, గ్రౌండ్ పాడ్ మరలు తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడతాయి. చలిలో తిరిగొచ్చాక కెమెరా సంచి ఇంట్లో గంటసేపు తెరవకండి, లోపల తేమ పడుతుంది. కార్డు మాత్రం బయటే తీసి జేబులో వేసుకోండి.

వెళ్లేటప్పుడు పట్టా మీంచి ఒక్కసారిగా లేచి నిలబడకండి. గుంపు అప్పుడే సర్దుకుని తల రెక్కల్లో దూర్చి ఉంటుంది. వచ్చినట్టే పాకుతూ ఇరవై ముప్పై మీటర్లు వెనక్కి జరిగి, పొదో గట్టో అడ్డం వచ్చాక లేవండి. మరుసటి సాయంత్రం అవి అక్కడే ఉంటాయి.